నాలుగింటికి ఆకురాయి

బేకప్,
4 సెప్టెంబర్ 1978

ఒరేయ్ క్లిఫర్డ్,

కవరు మీద నా రాత చూడగానే అక్కకేదో అయిందని కంగారుపడకు. మోకాళ్ళ నొప్పి మామూలే, వాన మామూలే. చర్చి వాళ్ళు శనివారం వ్యాను కట్టుకుని మీ స్కార్‌బరో సముద్రం చూడ్డానికి వస్తున్నారు. అందులో నీకొక పెట్టె పంపిస్తున్నాను. జాగ్రత్తగా దించుకో, బరువుంటుంది.

పెట్టెలో మీ బావ ఇంజన్ ఉంది. ఆరేళ్ళుగా చేస్తూ, మొన్న ఫిబ్రవరిలో పోయేనాటికి సగంలో వదిలేసిన ఆ బొమ్మ నూలుమిల్లు ఆవిరి ఇంజనే. ముక్కలన్నీ పాత దుప్పటి చింపి చుట్టాను. డ్రాయింగులు అడుగున ఉన్నాయి, నట్లూ బోల్టులూ ఆయన పొగాకు డబ్బాలో ఉన్నాయి. ఇక్కడ షెడ్డు కప్పు కారుతోంది. ఇనుముకి తుప్పు పట్టిందంటే ఆయన పైనుంచి కూడా నన్ను క్షమించడు. అందుకని నీ దగ్గర ఉంచు.

కప్పు కారితే ఇంట్లోకి తెచ్చుకోవచ్చుగా అంటావని తెలుసు. తెచ్చుకోను. అంతకన్నా అడక్కు.

అన్నట్టు, సాయంత్రం నాలుగింటికి నువ్వు నీ షెడ్డులో ఉంటావా, టీకి ఇంట్లోకి వచ్చేస్తావా? ఊరికే అడిగాను. చర్చి వాళ్ళకి టీ ఇచ్చి పంపు, పరువు తియ్యకు.

మీ అక్క,
ఈనిడ్


స్కార్‌బరో,
11 సెప్టెంబర్ 1978

అక్కా,

పెట్టె చేరింది. మీ చర్చి వాళ్ళు టీ తాగారు, బిస్కట్లు తిన్నారు, నా పెరట్లో కలుపు ఎక్కువగా ఉందని చెప్పి మరీ వెళ్ళారు.

రాత్రి ఒక్కొక్క ముక్కా విప్పి బల్ల మీద పరుచుకుని చూశాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోవడం ఎందుకు? జనం బొమ్మ ఇంజన్ కిట్టు అంటే జిగురుతో అతికించే పిల్లల బొమ్మ అనుకుంటారు. కొట్టువాడు పంపేది డ్రాయింగూ, గరుకు గరుకు పోత ఇనుము ముక్కలూ, అంతే. వాటిలోంచి ఇంజన్ని బయటికి తీయాల్సింది మనమే. బావ తీసిన తీరు చూస్తే, ముప్ఫై ఏళ్ళు బస్సులు బాగుచేసిన నా చేతులు జేబుల్లో దాచుకోవాలనిపించింది. ముక్కలు మొత్తం నలభై ఏడు. ముప్ఫై ఎనిమిది పూర్తయ్యాయి. పూర్తయిన ప్రతి ముక్కకీ లోపలివైపు సూదిమొనంత చుక్కలు మూడు కొట్టి పెట్టాడు. ఇక దీని జోలికి వెళ్ళక్కర్లేదని ఆయన గుర్తు, నీకు తెలిసే ఉంటుంది. ఇంక తొమ్మిదే మిగిలాయి.

నువ్వు మాటల్లో చెప్పకపోయినా నాకర్థమైంది అక్కా. మా బొమ్మ ఇంజన్ల క్లబ్బులో పోయినవాడి ఇంజన్ని మిగిలినవాళ్ళు పూర్తిచేసి, ఒక్కసారి ఆవిరి పెట్టి నడిపి, భార్యకు అప్పగిస్తారు. అది మాలో పద్ధతి. దాచిపెట్టమని ఎవరూ ఇంజన్ ఇవ్వరు. నేను పూర్తిచేస్తాను.

నాలుగింటికి ఇంట్లోనే ఉంటాను, రేడియో వింటూ. ఎందుకడిగావు? మా వీధి చివర పెద్దవాళ్ళ కోసం ఫ్లాట్లు కట్టారు, ప్రతి గదిలోనూ గంట ఉంటుంది, ఒంట్లో బాగాలేకపోతే నొక్కొచ్చు. ఆ కొండమీద ఒంటరిగా ఎంతకాలమని ఉంటావు? కాగితాలు తెచ్చి ఉంచాను.

నీ తమ్ముడు,
క్లిఫర్డ్


బేకప్,
15 సెప్టెంబర్ 1978

క్లిఫర్డ్,

ఉంచమన్నాను. చెయ్యమనలేదు. నా ఉత్తరం మళ్ళీ చదువు.

సరే, మొదలుపెట్టేశావు గనక చెప్తున్నా. నెమ్మదిగా చెయ్యి. క్రిస్మస్ దాటినా పర్వాలేదు, వచ్చే క్రిస్మస్ దాటినా పర్వాలేదు. మీ బావ ఒక్క బేరింగు మూతకే వేసవి అంతా ఖర్చుపెట్టాడు. నాలుగింటికి టీ కప్పు పట్టుకుని షెడ్డులోకి వెళ్తే, ఆరింటికి ఆ టీ అలాగే చల్లారి ఉండేది.

ఇక్కడ షెడ్డు నిశ్శబ్దంగా ఉంది. పెట్టె వెళ్ళిన రోజు నుంచీ నిశ్శబ్దమే. హాయిగా ఉంటుందనుకున్నాను. అదేమిటో, నాలుగయ్యేసరికి చేతిలో పని వదిలేసి చెవులు రిక్కించి కూర్చుంటున్నాను.

ఫ్లాటు సంగతి ఎత్తకు. ఒంట్లో బాగాలేకపోతే నొక్కే గంట కన్నా, అరిస్తే పలికే పక్కింటావిడ నయం. నా మతి స్థిమితంగానే ఉంది.

నీ షెడ్డులో అంతా సవ్యంగానే ఉందా?

అక్క


స్కార్‌బరో,
25 సెప్టెంబర్ 1978

అక్కా,

నీ ఎత్తిపొడుపు అర్థమైంది. చిన్నప్పుడు నేను బూట్లు తొడుక్కోవడం ఆలస్యమైతే "పర్వాలేదు నాన్నా, వచ్చే ఏడాది బయల్దేరదాం" అనేదానివి. ఇప్పుడు "వచ్చే క్రిస్మస్ దాటినా పర్వాలేదు" అంటున్నావు. సరే, చెయ్యి వేగం పెంచాను. రెండు అయిపోయాయి, ఏడు మిగిలాయి.

సవ్యంగా ఉందా అని అడిగావు గనక చెప్తున్నా, లేదు. మొన్న వాల్వు కడ్డీ చేశాను. ఒక కొస కాస్త ఎక్కువ అరిగింది, ఎవరు చూడొచ్చారులే అని బల్ల అంచున ముక్కల్ని పట్టి ఉంచే వైస్‌లో బిగించి ఇంట్లోకి వెళ్ళిపోయాను. మర్నాడు పొద్దున చూస్తే నా కడ్డీ తుక్కు డబ్బాలో ఉంది. వైస్‌లో వేరే కడ్డీ ఉంది. కొత్తది, కొలత వెంట్రుకవాసి కూడా తప్పలేదు. లోపలివైపు మూడు చుక్కలు.

రెండో ముక్కకీ ఇదే తంతు. ఆకురాయి పట్టినప్పుడు రాలిన ఇనుప పొడి నేనైతే అలాగే వదిలేస్తాను, నా సంగతి నీకు తెలుసుగా. బల్ల కుడి మూలకి చక్కగా ఊడ్చి కుప్ప చేసి ఉంది.

ఇది పక్కింటి పెర్సీ పని. క్లబ్బు కార్యదర్శి కదా, నా షెడ్డు తాళంచెవి ఒకటి వాడి దగ్గర ఉంటుంది. నా పనికి వంకలు పెట్టడం వాడికి సరదా. నేను రేడియో దగ్గరుండగా దూరుతున్నాడు. అడుగుతాను. అడక్కుండా ఊరుకోను.

క్లిఫర్డ్


బేకప్,
29 సెప్టెంబర్ 1978

క్లిఫ్,

ఈసారి మొదటి తరగతి స్టాంపు అంటించాను, ఉత్తరం త్వరగా చేరాలని. నువ్వూ ఆ పిసినారి రెండో తరగతి స్టాంపులు మానెయ్యి. మూడు రోజులు పడుతోంది.

పెర్సీని ఏమీ అనకు. తాళం మార్చకు. పెర్సీయే అయితే కానీ, చేసుకోనీ, నీకేం నష్టం? ఆ సమయంలో నువ్వు మాత్రం లోపలికి వెళ్ళకు.

కొన్ని విషయాలు అడుగుతాను, వేళాకోళం చెయ్యకుండా జవాబు రాయి. పొడి కుప్ప కుడి మూలనే అన్నావు, గోడ వైపా, కిటికీ వైపా? షెడ్డులో పిప్పరమెంటు వాసనేమైనా వస్తోందా? వైస్ పిడి నిలువుగా వదిలి ఉంటోందా, అడ్డంగానా?

ఇంకా ఎన్ని మిగిలాయి? ఉత్తరం రాసిన రోజుకి కాదు, చేరే రోజుకి ఎన్ని మిగులుతాయో రాయి. నీకు దణ్ణం పెడతాను, నెమ్మదిగా చెయ్యి. ఇది ఎత్తిపొడుపు కాదు.

అక్క


స్కార్‌బరో,
9 అక్టోబర్ 1978

అక్కా,

ఎన్ని మిగిలాయని అడిగావు. రెండే. నీ ఆత్రం నాకు తెలుస్తోంది, ఇంక ఎక్కువ రోజులు ఆగక్కర్లేదు.

పెర్సీని అడిగేశాను. నీ ఉత్తరం వచ్చేలోపే అడిగేశాను. "నీ షెడ్డులో నేనెందుకు దూరతానురా? నీ ఆకురాళ్ళు చూస్తే నాకు జ్వరం వస్తుంది" అన్నాడు. మాటా మాటా పెరిగింది. తాళంచెవి నా మొహాన విసిరి పోయాడు. ఆ మర్నాడే మెట్ల మీంచి జారి కాలు విరగ్గొట్టుకుని ఆసుపత్రిలో పడ్డాడు. వాడు ఆసుపత్రిలో ఉండగా కూడా ఇక్కడ మూడు ముక్కలు పూర్తయ్యాయి.

అక్కా, నీకు చెప్పాలో వద్దో తెలియక రెండు రోజులు ఊరుకున్నాను. చెప్పేస్తున్నాను.

శుక్రవారం మూడున్నరకి షెడ్డుకి బయటి నుంచి తాళం వేశాను. రెండు తాళంచెవులూ నా జేబులోనే ఉన్నాయి. గుమ్మానికెదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఎండ కాస్తోంది, పక్క పెరట్లో పెర్సీ పెళ్ళాం బట్టలు ఆరేస్తోంది. భయపడాల్సిన వేళ కాదు. నాలుగు కొట్టింది. ముందు వైస్ పిడి తిరిగిన చప్పుడు వచ్చింది. తరవాత ఆకురాయి. మూడు రాపులు, ఒక తట్టు. మళ్ళీ మూడు రాపులు, ఒక తట్టు. ఆకురాయి పళ్ళలో ఇరుక్కున్న పొడి రాలడానికి బావ అలాగే బల్లకేసి తట్టేవాడు. ఇంకెవరూ అలా తట్టగా నేను వినలేదు.

"బావా?" అన్నాను.

చప్పుడు ఆగింది. వినడానికి ఆగినట్టు, చాలాసేపు ఆగింది. తరవాత మళ్ళీ మొదలైంది. పని మధ్యలో పలకరిస్తే ఆయన ఎప్పుడు పలికాడు గనక?

చప్పుడు అయిపోయాక, నాలుగూ ఇరవైకి తలుపు తీశాను. లోపల ఎవరూ లేరు. వైస్ పిడి ఇంకా ఊగుతోంది. నేను చూస్తూండగానే అడ్డంగా వచ్చి ఆగింది. ఆకురాయి పట్టుకుంటే వెచ్చగా తగిలింది. పొడి కుప్ప కిటికీ వైపుంది. వాసన సంగతి అడిగావు కదా, పిప్పరమెంటే, బావ నోట్లో ఎప్పుడూ ఉండేదే. నేను అక్కణ్ణుంచి నేరుగా సముద్రపొడ్డుకి పోయి, చీకటి పడేదాకా జనం మధ్య కూర్చున్నాను.

నీకు ముందే ఏదో అనుమానం ఉండి అడిగావా? అయినా ఇప్పుడు నాకంతా అర్థమైంది. ఇంజన్ పూర్తికాలేదని ఆయనకి శాంతి లేదు. పాపం, చచ్చాక కూడా షెడ్డు వదలకుండా తిరుగుతున్నాడు. పూర్తిచేసి, ఆవిరి పెట్టి నడిపితే విశ్రాంతి దొరుకుతుంది. శనివారం, పద్నాలుగో తేదీ నడిపేస్తాను. భయమేస్తోంది అక్కా, కానీ ఆయన కోసం చేస్తాను.

క్లిఫర్డ్


బేకప్,
13 అక్టోబర్ 1978, శుక్రవారం

క్లిఫ్,

నీ ఉత్తరం ఇవాళ మధ్యాహ్నం వచ్చింది. నాలుగు రోజులు తీసుకుంది. నీ స్టాంపులు తగలబెట్టు.

పూర్తిచెయ్యకు. కాళ్ళు పట్టుకుంటాను, ఆ రెండు ముక్కలూ ముట్టుకోకు.

ముందే చెప్పాల్సింది, చెప్పలేదు. మార్చి నెల నుంచీ ఇక్కడ ఆయన షెడ్డులో ఆ చప్పుడు వినిపించేది. నాలుగింటికి మొదలు, మూడు రాపులు, ఒక తట్టు. మొదటిరోజు వంటింటి తలుపు గడియ పెట్టి కూర్చున్నాను. నీకు రాద్దామని కాగితం తీశాను. అక్కకి మతి పోయిందని ఏ ముసలివాళ్ళ ఇంట్లోనో పెట్టేస్తావని మానేశాను. ఎండాకాలమంతా అలా భయపడుతూనే గడిపాను. ఒకరోజు పొద్దున వెళ్ళి చూస్తే ఒక ముక్క మీద కొత్తగా మూడు చుక్కలున్నాయి. ఇంక నావల్ల కాక ఇంజన్ మూటగట్టి నీకు పంపేశాను. కప్పు కారడం అబద్ధం. మీ బావ వేసిన కప్పు ఎప్పుడైనా కారిందా?

పంపేశాక తెలిసింది. నలభై నాలుగేళ్ళు కాపరం చేశాను, పోయాక కూడా రోజూ వేళకి వస్తుంటే, నేనే గడియ పెట్టి, మూటగట్టి, వ్యాను ఎక్కించాను. నువ్వు రాసిన ప్రతి ఉత్తరం ఎంత ఆశగా విప్పానో నీకు తెలియదు. ఎన్ని మిగిలాయని అడిగింది ఆత్రంతో కాదురా, భయంతో. చివరి ముక్కకి చుక్కలు పడ్డాక ఆయనకి రావాల్సిన పనేముంటుంది?

ఆయనకి శాంతి లేదని నీకెవరు చెప్పారు? ఆయనకి శాంతి దొరికేదే ఆ షెడ్డులో.

మంగళవారం బస్సులో వస్తున్నాను. ఇంజన్ని ఉన్నదున్నట్టు ఇంటికి తెచ్చుకుంటాను. ఇవాళ్టి టపా వెళ్ళిపోయింది, రేపు పొద్దున్నే వేస్తాను. నువ్వు శనివారం నడపబోతున్నావని తెలిసి కూడా ఇంతకన్నా చెయ్యగలిగింది లేదు. నీకు ఫోన్ లేదు, పెర్సీకి చేస్తే ఎవరూ ఎత్తలేదు. మూడుసార్లు చేశాను.

ఈనిడ్


స్కార్‌బరో,
14 అక్టోబర్ 1978, శనివారం

అక్కా,

నడిచింది!

చివరి రెండు ముక్కలూ నిన్న వైస్ పక్కన పెట్టి, బయట కుర్చీలో కూర్చున్నాను. ఆకురాయి చాలాసేపు నడిచింది. నాకు భయం వెయ్యలేదు. అయిపోయాక లోపలికి వెళ్ళి "బావా, అన్నీ అయిపోయాయి" అని పైకే అన్నాను. తిక్క మనిషిని అనుకో.

ఇవాళ పొద్దున అన్నీ బిగించాను. నలభై ఏడు ముక్కలూ ఒకే కొయ్యలోంచి చెక్కినట్టు కుదిరాయి. మూడింటికి నా చిన్న బాయిలరు అంటించి ఆవిరి వదిలాను. చక్రాన్ని వేలితో తొయ్యాల్సిన అవసరం కూడా రాలేదు. ముందు ఒక్క నిట్టూర్పు విడిచింది. తరవాత తిరిగింది. మెత్తగా, ఒక్క టకటక లేకుండా. బేకప్ మిల్లులో బావ నడిపిన పెద్ద ఇంజన్ గదిలోకి నేను చిన్నప్పుడు నీతో కలిసి ఆయనకి అన్నం తీసుకెళ్ళేవాణ్ణి, గుర్తుందా? అదే చప్పుడు, పిల్లంత చిన్నదై.

ఒక్క సంగతి. బాయిలర్లో ఆవిరి సగానికి పైగా ఉంది, నేను ఏదీ ముట్టుకోలేదు. సరిగ్గా నాలుగింటికి చక్రం నెమ్మదించింది. ఇంకా నెమ్మదించింది. చక్రాన్ని తిప్పే కడ్డీ కాస్త పైకి వచ్చేదాకా తిరిగి, అక్కడ ఆగిపోయింది. మిల్లులో షిఫ్టు దిగేటప్పుడు బావ ఎప్పుడూ అక్కడే ఆపేవాడు. ఆ తరవాత ఎంతసేపు కూర్చున్నా ఆకురాయి చప్పుడు రాలేదు. వాసన లేదు. షెడ్డు ఉత్త షెడ్డయింది.

వెళ్ళిపోయాడు అక్కా, హాయిగా వెళ్ళిపోయాడు. నీకు ఇంతకన్నా మంచి కబురు రాయగలనా?

నీ తమ్ముడు,
క్లిఫ్


స్కార్‌బరో,
16 అక్టోబర్ 1978

అక్కా,

నీ శుక్రవారం ఉత్తరం ఇప్పుడే వచ్చింది. నాది గానీ ఇది గానీ నువ్వు బయల్దేరేలోపు చేరుతుందో లేదో.

నాకు తెలియదక్కా. నువ్వు అడిగిన ప్రతి మాటనీ తిరగేసి చదివాను. మా క్లబ్బు పద్ధతి ప్రకారం మంచి చేస్తున్నాననే అనుకున్నాను. రేపు బస్టాండుకి వస్తాను. నన్ను కొట్టాలనిపిస్తే కొట్టు.

క్లిఫ్


బేకప్,
27 అక్టోబర్ 1978

క్లిఫర్డ్,

ఇంజన్ని కదలకుండా ఒళ్ళో పెట్టుకుని ఇల్లు చేరాను. ముందుగదిలో బీరువా మీద పెట్టాను. చూసినవాళ్ళందరూ ఎంత బాగుందో అంటున్నారు. దుమ్ము తుడుస్తున్నాను.

షెడ్డులో చప్పుడు లేదు. రోజూ నాలుగింటికి వెళ్ళి కూర్చుంటున్నాను, తలుపు తీసే ఉంచుతున్నాను. వంటింటి గడియ కూడా ఊడబీకించేశాను. రావడం లేదు.

నీ మీద కోపం లేదని రాయబోయి రెండు కాగితాలు చించాను. కోపం ఉంది. కొన్నాళ్ళు ఉత్తరాలు రాయకు.

ఈనిడ్


స్కార్‌బరో,
11 డిసెంబర్ 1978

అక్కా,

రాయొద్దన్నావు, ఆరు వారాలు ఆగాను. మొదటి తరగతి స్టాంపు అంటించాను, గమనించు.

ఫ్లాటు కాగితాలు పొయ్యిలో పడేశాను. పెర్సీ కాలు కట్టు విప్పారు. క్షమించమని అడిగితే "ముందు నీ ఆకురాళ్ళు మార్చు" అన్నాడు. అంటే క్షమించినట్టే. వాడికంతా చెప్పాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. కడ్డీ ఎక్కడ ఆగిందో రెండుసార్లు అడిగాడు. చెప్పాను. "పూర్తిగా పని మానేసినవాడు ఇంజన్ని ఎక్కడ ఆపితేనేం, పట్టించుకోడు. కాస్త పైకి తెచ్చి ఆపాడంటే మళ్ళీ నడపడానికి అనువుగా పెట్టుకున్నాడన్నమాట. మిల్లువాళ్ళు రేపు పొద్దున పని ఉంటేనే అలా ఆపుతారు" అన్నాడు.

ఇది నీకు రాస్తే ఓదార్పు అవుతుందో పుండు కెలికినట్టవుతుందో తెలియదు. మంచేదో చెడేదో నేను తేల్చకుండా రాసేస్తున్నాను.

క్లిఫ్


బేకప్,
19 ఫిబ్రవరి 1979

ఒరేయ్ క్లిఫ్,

మీ బావ పోయి ఇవాళ్టికి సరిగ్గా ఏడాది. కోపం పోయింది. పెర్సీకి నా తరఫున దణ్ణాలు చెప్పు.

నీ ఉత్తరం చదివిన పూటే కొట్టువాడికి రాశాను. అదే ఇంజన్, అదే కొలత, కొత్త కిట్టు. క్రిస్మస్‌కి రెండు రోజుల ముందు వచ్చింది. తెచ్చినవాడు "మనవడికా అమ్మా?" అన్నాడు. "నాకే నాయనా" అంటే నమ్మలేదు. మీ బావ ఏప్రను కట్టుకున్నాను. నాకది రెండు చుట్లు వచ్చింది. నా జన్మలో ఆకురాయి పట్టలేదు. బేరింగు మూతతో మొదలుపెట్టాను. వారమంతా రుద్దితే వంకర టింకరగా ఒక ముక్క తయారైంది. చూస్తే నాకే నవ్వొచ్చింది. ఆయన కంటపడితే ఊరుకోలేడని, వైస్‌లో బిగించి, కిటికీకి ఎదురుగా తిప్పి పెట్టి, ఇంట్లోకి వచ్చేశాను.

తొమ్మిది రోజులు ఏమీ లేదు. రోజూ నాలుగింటికి వంటింట్లో కుర్చీ అంచున కూర్చునేదాన్ని. పదో రోజు మంచు పడుతోంది, ఊరంతా ఎక్కడి చప్పుడు అక్కడ అణిగిపోయింది. నాలుగైంది. వైస్ పిడి తిరిగింది. మూడు రాపులు, ఒక తట్టు. మీ బావ ఎప్పుడూ తిట్టి ఎరగడు, కోపం వస్తే గట్టిగా ఊపిరి వదిలేవాడు. అదీ వినిపించింది. పెరట్లో సగం దూరం వెళ్ళి, మంచులో నిలబడిపోయాను. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి. మర్నాడు చూస్తే నా ముక్క తుక్కు డబ్బాలో ఉంది. కానీ అక్కడ తయారైన ముక్క పెట్టలేదు. నీకు పెట్టాడు, నాకు పెట్టలేదు. కిట్టులోంచి తీసిన మరో పోత ముక్క వైస్‌లో బిగించి, ఆకురాయి పక్కన పెట్టి ఉంది. పిడిని నేను పట్టుకునే వైపుకి తిప్పి పెట్టాడు.

మళ్ళీ చేశాను. మళ్ళీ తుక్కు డబ్బా. కొట్టువాడికి బేరింగు మూతలే మరో ఏడు పంపమని రాశాను, వాడేమనుకున్నాడో నాకనవసరం. వాటిలో ఆరు తుక్కు డబ్బాలోకే పోయాయి. ఏడోది నిన్న చేశాను. ఈసారి చెయ్యి తనంతట తనే నడిచింది, ఎక్కడ ఆపాలో దానికే తెలిసింది. నాలుగింటికి వంటింట్లో చెవి పెట్టి కూర్చున్నాను. వైస్ పిడి తిరిగింది. ఆకురాయి చప్పుడు రాలేదు. చాలాసేపు ఏమీ రాలేదు. అప్పుడు చిన్న సుత్తితో మూడు దెబ్బలు వినిపించాయి. టిక్. టిక్. టిక్.

నలభై నాలుగేళ్ళలో ఆయన నా పులుసునీ మెచ్చుకోలేదు, నా కుట్టునీ మెచ్చుకోలేదు. ఆ ముక్క ఇప్పుడు నా అరచేతిలో ఉంది, మూడు చుక్కలూ వేలికి తగులుతున్నాయి. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఆ తరవాతే గుర్తొచ్చింది, ఒక్కో ముక్క అయ్యేకొద్దీ లెక్క తగ్గిపోతుందని.

తరవాతి ముక్క కావాలని చెడగొడదామా అని రాత్రంతా ఆలోచించాను. పొద్దున్న ఆకురాయి పట్టుకున్నాక నావల్ల కాలేదు. ఆయనకి తెలిసిపోతుంది, సిగ్గు కూడాను. బాగానే చేస్తాను, వచ్చినంత బాగా చేస్తాను. నువ్వెప్పుడైనా వస్తే రా, కేకు చేసి పెడతాను. షెడ్డులో మాత్రం ఒక్క మేకు కూడా ముట్టుకోవద్దు.

మొదటి ముక్కకి నాకు రెండు నెలలు పట్టింది. ఇంకా నలభై ఆరు ఉన్నాయి. ఈ లెక్కన ఏడెనిమిదేళ్ళు. నాకిప్పుడు డెబ్బై ఒకటి. సరిపోతుందనుకుంటున్నాను.

మీ అక్క,
ఈనిడ్